పాటకు తొలి గడప

జనగామ, 16 జూన్ 2024, ఆదివారం

మూఢం నడుస్తున్నది. పెళ్ళిళ్ళు లేవు, బాక్సులన్నీ గోడకే ఉన్నయ్. మైకు సెట్ దుకాణంల ఒక్కన్నే కూసొని ఆహాల తెలుగు ఇండియన్ ఐడల్ మూడో సీజన్ పెట్టుకున్న. ఫోన్ల వినలేదు. వైరు గుచ్చి మిక్సర్‌కు ఇచ్చి, రెండు పెద్ద బాక్సుల్ల విన్న. ఫోన్ల దాగిన తప్పు బాక్సుల్ల దాగదు. ఊపిరి ఎక్కడ తీసుకున్నడు, పై స్థాయికి పోయేముందు గొంతు ఎక్కడ బిగబట్టిండు, ‘శ’ను ‘స’ అన్నడా, అన్నీ ముందలికొస్తయ్.

థమన్, కార్తీక్, గీతామాధురి జడ్జీలు. యాంకర్ శ్రీరామచంద్ర. 2010 ఆగస్టు 15 నాడు హిందీ ఇండియన్ ఐడల్ గెలిచిన పిలగాడే ఇయ్యాల మన పిల్లలను స్టేజీ మీదికి పిలుస్తుంటే కడుపు నిండినట్టయింది.

ఏ పోటీలనైనా నాకు ఆడిషన్లే ప్రాణం. ఫైనల్ నాటికి అందరూ బాగనే పాడుతరు. నెలల తరబడి నేర్పించి ఉంటరు, వెనుక బ్యాండు ఆదుకుంటది, లైట్లు ఆదుకుంటయ్. పాట తేలేది తొలి గదిలనే. అక్కడ ఒక మనిషి, ఒక గొంతు, ఎదురుంగ కూసున్న ముగ్గురు. అంతే.

ఈసారి ఆడిషన్లు అమెరికాల కూడ పెట్టిన్రు. మంచిపని. అక్కడ పుట్టిన మన పిల్లలు తెలుగు పాటను పట్టుకొని ఉన్నరంటే అంతకన్న కావలసిందేమున్నది? కానీ సముద్రం దాటిపోయిన ఆడిషన్ ఘట్‌కేసర్ దాటి మాదాకా ఎందుకు రాదు? జనగామ హైదరాబాద్‌కు 85 కిలోమీటర్లు. “మీరే రావచ్చు గద” అంటరు. వచ్చేటోళ్ళు వస్తున్నరు. నిరుడు ఒక పాటల పోటీకి మా చెల్లె బిడ్డ పోయింది. మానుకోటల (మహబూబాబాద్) తెల్లారకముందే రైలెక్కింది. మాపటిదాకా లైన్ల నిలబడ్డది. లోపలికి పిలిచినంక అమ్మమ్మ నేర్పిన నాట్ల పాట ఎత్తుకుంటే రెండు వరసలు కాకముందే చెయ్యి అడ్డం పెట్టి, “సినిమా పాట ఏమన్న వస్తదా అమ్మా?” అని అడిగిన్రట. వస్తదని పాడింది. పంపించిన్రు.

ఓడినందుకు కాదు నా బాధ. ఓడుడు గెలుసుడు పాటకు మామూలే. ఆమెకు అన్నిటికన్న బాగ వచ్చిన పాటను వాళ్ళు వినలేదు.

జనగామ, 23 జూన్

రాత్రి నిద్ర పట్టక యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్ పాతవి చూసుకుంట పడుకున్న. 1956ల స్విట్జర్లాండ్‌ల ఏడు దేశాలతోటి మొదలైన పోటీ. ఆబా వాళ్ళు 1974ల స్వీడన్ తరఫున గెలిచింది దీంట్లనే. ఆ భాషలు నాకు రావు. పాట అర్థం కాకున్నా గొంతు అర్థమైతది, ఇన్నేండ్ల మైకు సెట్ పని నేర్పింది అదే.

నాకు ఫైనల్‌కంటె ఒక్కో దేశం తన పాటను ఎట్ల ఏరుకుంటదన్నదే అసలు ముచ్చట. ఇటలీకి సాన్‌రెమో పండుగ ఉన్నది, 1951 నుంచి. యూరోవిజన్‌కన్న పెద్దది వయసుల. స్వీడనోళ్ళది మెలొడిఫెస్టివాలెన్. దాని పద్ధతి చూస్తే నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. 2002 నుంచి ఆ పోటీ ఒక్క రాజధానిల కూసుంటలేదు. వారానికొక పట్నం పోతది. సామానంత లారీలకెత్తి, ఒక ఊర్ల స్టేజీ ఏసి, పాడించి, ఓట్లు ఏపించి, మళ్ళ విప్పి ఇంకో ఊరికి పోతది. చిన్న చిన్న పట్నాల జనం తమ ఊరికి పాట వచ్చిందని టిక్కెట్లు కొనుక్కొని పోతరు. సామాను ఎక్కించుడు దించుడు ఎంత పనో నాకు తెలుసు. అయినా వాళ్ళు చేస్తున్నరు.

మనకు 33 జిల్లాలు. 2016 దసరా నాడు జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ వరంగల్ నుంచి విడిపడి జిల్లాలైనయ్. కలెక్టరాఫీసు దగ్గరికొచ్చింది, ఎస్పీ ఆఫీసు దగ్గరికొచ్చింది. వారానికో జిల్లాకు పాటల గది వస్తే ఏడాదిల రాష్ట్రమంతా తిరిగొస్తది.

భూపాలపల్లి, 1 ఆగస్టు

నిన్న సింగరేణి కాలనీల ఒకాయన రిటైర్‌మెంట్ ఫంక్షన్. సామాను ఏసుకొని పొద్దున్నే బయలెల్లిన. పరకాల దాటినంక డ్రైవర్‌కు చెప్పి బండిని చిట్యాల దిక్కు తిప్పించిన. చల్లగరిగె చూడాల్ననేది ఎన్నాళ్ళ కోరికో.

చంద్రబోస్ ఊరు అది. నాటు నాటు పాటకు 2023 మార్చిల ఆస్కార్ తెచ్చిన చేతి రాత ఇక్కడి బడిల పలక మీద మొదలైంది. రోడ్డు పక్కన పత్తి చేన్లు, వాన పడి ఎర్రగ మెత్తబడ్డ నేల, చెరువు కట్ట. ఛాయ్ తాగిన పది నిమిషాల్ల ముగ్గురు మనుషులు ఆయన గురించి సొంత ఇంటి ముచ్చట లెక్కన చెప్పిన్రు. ఆయన మొదలు పాట రాయనీకి కాదు, పాడనీకి బయలెల్లిన మనిషి. 1995ల తాజ్‌మహల్ సినిమాతోటి రాసేటోడు అయిండు. ఇయ్యాల పాడుతా తీయగాల, అంతకుముందు సరిగమపల జడ్జి కుర్చీల కూసొని పిల్లల పాట వింటుంటే, ఒకప్పుడు పాడాల్నని తిరిగిన మనిషే వింటున్నడన్న సంగతి నాకు మతిల ఉంటది. పల్లవిల ఒక్క మాట తేడా పడ్డా పట్టుకుంటడు, పట్టుకొని మెల్లగ చెప్తడు. ఆ మెల్లదనం నాకు ఇష్టం.

ఫంక్షన్ మాపటికి. కేటీకే గనుల్ల ముప్పై ఏండ్లకు పైన చేసిన మనిషి, శాలువాలు కప్పిన్రు, దండలేసిన్రు. ఆర్కెస్ట్రా పిల్లలు ఘంటసాల, బాలు పాటలు పాడిన్రు, బాగనే పాడిన్రు. తర్వాత ఆయనతోని షిఫ్టుల దిగిన ఒకాయన లేచి, “అన్నకోసం నేనొకటి పాడుత” అన్నడు. మైకు ఇచ్చిన. చేతిల పట్టుకొని ఒక క్షణం చూసి, “ఇది వద్దు బాపూ” అని నాకే తిరిగిచ్చిండు. ఊకెనే నిలబడి ఎత్తుకున్నడు. బొగ్గుల పని చేసేటోళ్ళు కట్టుకున్న పాట. గొంతు బొంగురు, శ్రుతి అంటే ఆయనకు ఆయనే శ్రుతి. నేను ఎకో బంద్ చేసిన, ఫ్యాన్లు బంద్ చేపించిన. రెండో వరసకు కుర్చీల్ల ఉన్న మగోళ్ళంతా వంత కలిపిన్రు, ఎవరూ చెప్పకుంటనే. రిటైరైనాయన మెడల దండ తీసి ఒళ్ళె పెట్టుకొని తల దించుకున్నడు.

ఆ పాట ఏ టీవీ ఆడిషన్‌ల నిలబడది. మొదటి ముప్పై సెకన్లల్ల ఏమీ జరగదు దాంట్ల. వంత కలిసినంకనే అది పాట.

మానుకోట, 19 ఆగస్టు, రాఖీ పున్నమ

చెల్లె రాఖీ కట్టింది. బిడ్డ పొద్దటినుంచి ఒక్కటే పోరు, “మామా, తండాకు పోదాం, తీజ్ పాటలు వినాలె నువ్వు” అని. దాని దోస్తు ఆ తండా పిల్ల. డిగ్రీల జోడు.

పోయినం. పెండ్లిగాని ఆడపిల్లలు బుట్టల్ల గోధుమలు చల్లి మొలకలు పెంచుతున్నరు. తొమ్మిది రోజులు నీళ్ళు పోసుడు, పాడుడు. జానెడు లేత పచ్చని మొలకలు, వాటి చుట్టూర పదిహేను ఇరవై మంది పిల్లలు చేతులు పట్టుకొని తిరుగుతుంటే పాట ఎవరు మొదలుపెట్టిన్రో ఎవరు అందుకున్నరో దొరకలేదు నాకు. ఒక వరస అటు దిక్కు పిల్లలు అంటరు, దాన్నే కొంచెం వంచి ఇటు దిక్కు పిల్లలు తిరిగిస్తరు. నేను చిన్న రికార్డర్ తీస్కపోయిన. ఒక పిల్ల మూతి దగ్గర పెడితే పాటల సగమే వచ్చింది. నడుమ బుట్టల పక్కన నేల మీద పెట్టినంక పాట మొత్తం వచ్చింది. కాళ్ళ చప్పుడు, గాజుల చప్పుడు, నీళ్ళు పోసేటప్పటి చప్పుడుతో సహా.

మాపటికి ఇంటికాడ బిడ్డ దోస్తును, ఆ తండా పిల్లను అడిగిన, “నువ్వు ఒక్కదానివి పాడు బిడ్డా, వింట” అని. ఇట్లనో అట్లనో రెండు వరసలు పాడి ఆగింది. “ఒక్కదాన్నే అయితే వస్తలేదు మామా. అటు దిక్కునుంచి రావాలె” అన్నది. నేను దాన్నే తలుచుకుంట రాస్తున్న ఇప్పుడు. గొంతు లేక కాదు. ఆ పాటకు రెండు దిక్కులు కావాలె.

మన పోటీలు అన్నీ ఒంటి గొంతు మీద కట్టినయ్. ఒకరు నిలబడాలె, ఒకరు గెలవాలె. సినిమా పాటకు అది సరిపోతది, అది అట్లనే పుట్టింది గనుక. లంబాడీ పాటకు, బతుకమ్మ పాటకు, నాట్ల పాటకు సరిపోదు. ఇంకోటి, భాష. లంబాడీకి లిపి లేదు. టీవీ పోటీల ఆడిషన్ ఫారాల్ల ‘పాడే పాట, సినిమా, రచయిత’ అన్న గళ్ళు నేను చూసిన. ఈ పిల్ల ఆ మూడు గళ్ళల్ల ఏం రాయాలె?

మా టీవీల రేలా రె రేలా వచ్చిన దినాలు గుర్తొచ్చినయ్. గోరటి వెంకన్న, సుద్దాల అశోక్‌తేజ ఎదురుంగ కూసొని పల్లె పాటను పల్లె పాట లెక్కనే విన్నరు. మా జనగామ దిక్కున్న సుద్దాల ఊరు అశోక్‌తేజది, ప్రజాకవి సుద్దాల హనుమంతు కొడుకు. నాట్ల పాటల దరువు తప్పితే ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఆ పోటీల పాడినోళ్ళు ఇయ్యాలటికి మా ఊర్లల్ల స్టేజీలెక్కుతున్నరు, నేనే ఎందరికో సౌండ్ పెట్టిన. అట్లాంటి పోటీ మళ్ళ రావాలె. ఇది నా గట్టి కోరిక.

జనగామ, 2 సెప్టెంబర్

రెండు రోజులుగ ఒకటే వాన. ఇంటికన్నె, కేసముద్రం నడుమ రైలు పట్టాల కింది కంకర, మన్ను అంతా కొట్టుకపోయింది, పట్టాలు గాలిల ఏలాడుతున్నయ్. రైళ్ళు బంద్. మానుకోట ఫోను నిన్నంతా కలవలేదు. ఇయ్యాల పొద్దున చెల్లె మాట్లాడింది, ఇంట్లకు నీళ్ళు రాలేదు, కరెంటు లేదు, అందరూ మంచిగున్నరు. తండా దిక్కు రోడ్డు తెగింది. పిల్ల కూడ క్షేమమే అన్నది.

ఇయ్యాల పాట గురించి రాయబుద్ధి అయితలేదు.

జనగామ, 15 సెప్టెంబర్

లింగాలఘనపురం దిక్కు ఒక ఊర్ల వినాయకుని కాడ పిల్లల పాటల పోటీ. సౌండ్ నాదే. జడ్జిగ కూడ నన్నే కూసోమన్నరు. పదకొండు మంది పిల్లలు. సగం మార్కులు నాయి, సగం జనం చప్పట్లయి అన్నరు. చప్పట్లు ఎవరికి ఎక్కువొస్తయో ముందే తెలుసు, సర్పంచిగ చేసినాయన మనుమడికి. అటే వచ్చినయ్. మంచి గొంతు ఉన్న పిల్ల పక్క ఊరిది, దానికి కొట్టేటోళ్ళు అమ్మ, మేనత్త, ఇద్దరే.

నేను లేచి ఒక మాట అడిగిన. “ఎవలూ తమ ఇంటి పిలగానికి, తమ వాడకట్టు పిలగానికి చప్పట్లు కొట్టొద్దు. మిగిలినోళ్ళకు కొట్టున్రి. ఒక్కసారి ఇట్ల చేసి చూద్దాం.” ఇది నా సొంత తెలివి కాదు. యూరోవిజన్‌ల ఏ దేశం జనం ఆ దేశానికి ఓటు వేసుకోవద్దు. 2009 నుంచి ఫైనల్‌ల సగం జనం ఓటు, సగం జ్యూరీ. ఊరోళ్ళు గునిసిన్రు, మళ్ళ సరే అన్నరు. రెండోసారి పక్క ఊరి పిల్లకు కొట్టిన చప్పట్లు మండపం రేకులు అదిరేటట్టు వచ్చినయ్. ఆ ఊరోళ్ళకు పాట తెలుసు. వాళ్ళను ముందు అడిగిన తీరే తప్పు.

ఓట్ల సంగతి నాకు పాత గాయం. 2006ల కారుణ్య హిందీ ఇండియన్ ఐడల్ ఫైనల్‌కు పోతే రాత్రంత ఎస్ఎమ్ఎస్‌లు పంపిన. ఒక్కోటి మామూలు మెసేజ్ ధర కాదు. ఆయన రెండో స్థానంల ఆగితే బిక్కమొహం ఏసుకున్నం మేమంతా. అప్పుడు ‘మనోనికి మనం ఓటెయ్యాలె’ అన్నదే తెలుసు. మరుసటి ఏడు డార్జిలింగ్ కానిస్టేబుల్ ప్రశాంత్ తమాంగ్, షిల్లాంగ్ అమిత్ పాల్ ఫైనల్‌ల నిలబడితే అక్కడి కొండ ప్రాంతాల జనం చందాలు వేసుకొని ఓట్లేసిన్రు. వాళ్ళను నేను తప్పు పట్ట. టీవీల తమ మొహం ఎన్నడూ కనబడని జనం, ఒక్కసారి కనబడితే ఊకుంటరా? కానీ అది పాటకు ఓటు కాదు, ఊరికి ఓటు. శ్రీరామచంద్ర 2010ల, రేవంత్ 2017ల గెలిచినప్పుడు నాకు సంబురం డబుల్ అయింది ఎందుకంటే, మన రెండు రాష్ట్రాల ఓట్లే చాలవు హిందీ పోటీకి. మన భాష రానోళ్ళు కూడ ఆ గొంతును కోరుకుంటేనే కప్పు వచ్చింది.

వచ్చే తొవ్వల మాణిక్యాపురం. చుక్క సత్తయ్య ఊరు. ఒగ్గు కథకు ఆయన పెద్ద దిక్కు, 2017ల పోయిండు. చిన్నగున్నప్పుడు ఆయన కథకు నాయన భుజాల మీద కూసొని పోయిన. తెల్లందాక చెప్పేటోడు. జనం లేచిపోతే కథ అయిపోయినట్టు, కూసుంటే నిలిచినట్టు. ఇరవై ఊర్లు తిరిగి కూసోబెట్టినోడే ఇరవై ఒకటో ఊరికి పిలువబడేటోడు. దేవరుప్పుల దిక్కు అప్పిరెడ్డిపల్లె గడ్డం సమ్మయ్య చిందు యక్షగానానికి ఈ ఏడే పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆడిషన్ కూడ ఊర్లల్లనే అయింది, ఏండ్ల తరబడి, అర్ధరాత్రి పెట్రోమాక్స్ వెలుగుల. మన తాన ఎంపిక పద్ధతి లేదనుకుంటరు చదువుకున్నోళ్ళు. ఉన్నది. గదిల కాదు, ఆరుబయట.

జనగామ, 25 సెప్టెంబర్

ఐడల్ ఫైనల్ అయిపోయింది. షేక్ నసీరుద్దీన్ గెలిచిండు. నిండు గొంతు, గెలవదగినోడే. మొదటి సీజన్ వాగ్దేవి, రెండో సీజన్ సౌజన్య, మూడోది ఇతను. ముగ్గురిలో ఎవరికీ కప్పు అప్పనంగ రాలేదు. ఆ విషయంల ఆ పోటీకి నేను దండం పెడుత.

ఇయ్యాల బాలు పోయిన రోజు, నాలుగేండ్లు. 1996ల పాడుతా తీయగా మొదలైనప్పుడు మా వాడకట్టుల కేబుల్ ఉన్నది ఒక్క ఇంట్లనే. గద్దెలమీద, గడపమీద కూసొని చూసేటోళ్ళం. పిల్ల పాడినంక ఆయన ముందు సినిమా పేరు, సంగీతం ఎవరిది, రాసిందెవరు అని చెప్పేటోడు. నేను నోటుబుక్కుల రాసుకునేది. పాటకు రాసినోడు ఉంటడన్న సంగతి నాకు తెలిసింది ఆ గడపమీదనే. తప్పు పాడిన పిల్లకు తనే పాడి చూపిచ్చేటోడు, ఆ ఒక్క సంగతి మళ్ళ మళ్ళ. తప్పు సరిదిద్దినంక ఆ పిల్ల మొహంల భయం పోయేదాక వదిలిపెట్టేటోడు కాదు. ఓడిపోయి పోయేటోళ్ళకు ఆయన చెప్పే నాలుగు మాటల కోసమే ఓడిపోవచ్చు అనిపించేది మాకు. ఇప్పుడు కొడుకు చరణ్ నడుపుతున్నడు. ఆ కుర్చీ బరువు ఎంతో, ఆయనకే తెలియాలె. నడపాలె, ఆగొద్దు.

జనగామ, 5 అక్టోబర్

బతుకమ్మ నాలుగో దినం. చెల్లెతోని, బిడ్డతోని మాట్లాడిన. రేపు ఆదివారం, బడులకు సెలవులు. తండాకాడి రోడ్డుకు మొరం పోసిన్రట, బండి పోతది. తండాల అందరం కూసొని పాటలు వినే కార్యం ఒకటి రేపే పెట్టుకుందామని ఖాయం చేసుకున్నం. పోటీ కాదు, కప్పు లేదు. ఎవరు ఏ భాషల పాడినా సరే, ఎంతమంది కలిసి పాడినా సరే, పాట అయిపోయేదాక ఎవరూ చెయ్యి అడ్డం పెట్టొద్దు. భూపాలపల్లిల మైకు వద్దని పాడిన ఆయనకు ఫోన్ చేసిన. ఫస్ట్ షిఫ్ట్ దిగి, వంత పాడేటోళ్ళు నలుగురిని ఎంట తీసుకొని వస్త అన్నడు. చిట్టచివర పాడుతడు.

టాటా ఏస్ పొద్దున ఐదింటికి. బాక్సులు రెండు చాలు, సబ్ వద్దు. జనరేటర్‌కు డీజిల్ పది లీటర్లు. ఎకో మిషన్ దుకాణంలనే పెట్టిపోత. చేతి మైకులు తీసుకపోతలేను. వేలాడదీసే మైకులు నాలుగు, పొడుగు వెదురు బొంగులు రెండు. పిల్లలు తిరిగే చోటుకు నెత్తిమీద అడ్డంగ కట్టాలె, అటు దిక్కు రెండు, ఇటు దిక్కు రెండు. పిల్లకు చెప్పమన్న, బుట్టల నీళ్ళు పోసేటప్పటి పాట కూడ మరువొద్దని.